బురైదా వార్డులో మాట పుట్టిన విధం

ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, నా డైరీతో కూడా సగమే అన్నాను: సౌదీలోని బురైదా ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరిన కొత్తల్లో నేనొక ముసలావిడ మీద శాస్త్ర ప్రయోగం చేశాను. కంగారు పడకండి, సూదులూ మందులూ ఏమీ లేవు. మనుషులకు ఇంకా మాటలే లేని కాలంలో ఇద్దరు ఎదురుపడితే ఎలా కబుర్లాడుకునేవారో అలా ఆవిడతో మెలిగి, భాష మొదటినుంచి మళ్ళీ ఎలా పుడుతుందో చూద్దామనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వాగడం లేదు గానీ, ఆ రోజుల్లో నేను నవ్వే రకం కాదు. ఆ రోజుల్లో ధైర్యమనేది పుస్తకాల్లో దొరికే సరుకనీ, సరైన పేజీ కంటపడితే మిగతాదంతా దానంతటదే జరిగిపోతుందనీ గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకంలో ఎంత హాయి ఉండేదో!

మాది నరసాపురం దగ్గర చిన్న ఊరు. నాన్న పాస్టరు. ఆయన గొంతు మైకు లేకుండానే కాలవ అవతలి గట్టుకు వినిపిస్తుంది. అమ్మ, పిన్ని, అన్నయ్య, మేనమామ అందరూ మాట్లాడేవాళ్ళే. అంతమంది మాట్లాడే ఇంట్లో వినడానికి ఒకరైనా ఉండాలి కదా, ఆ పని నాకు పడింది. డాక్టరు దగ్గరకు వెళితే నాకెక్కడ నొప్పిగా ఉందో అమ్మ చెప్పేది. బస్సులో నా టికెట్టు అన్నయ్య అడిగేవాడు. నర్సింగు కాలేజీ ఇంటర్వ్యూలో ‘ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నావమ్మా?’ అని అడిగితే, తలుపు బయట నిలబడ్డ మేనమామ ‘సేవ చేద్దామనండీ!’ అని లోపలికి కేకేశాడు. (సీటు వచ్చింది. అది నాకు వచ్చిందో ఆయనకు వచ్చిందో ఇప్పటికీ అనుమానమే.)

ఆ కాలేజీ లైబ్రరీలో ఒకనాడు చెదలు పట్టిన పుస్తకాలను వరండాలో కుప్ప పోశారు. అందులోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఏరుకున్నాను. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, కాబట్టి దాని పేరేమిటో, ఎవరు రాశారో నాకిప్పటికీ తెలియదు. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్‌లోని మేధావులు మనిషికి మాట ఎలా వచ్చిందని ఎలా కొట్టుకున్నారో అందులో వివరంగా ఉంది. దేవుడే నేర్పాడని కొందరు. కాదు, కేకలూ సైగలతో మొదలై అవే క్రమంగా మాటలయ్యాయని కొందరు. ఆకలి, దాహం లాంటి అవసరాల వల్ల మాట పుట్టిందని ఒకరంటే, ఆకలైతే పండు వైపు వేలు చూపిస్తే సరిపోతుంది, దానికి మాటెందుకు, ప్రేమో కోపమో జాలో గుండెలో కదిలితేనే గొంతు లేస్తుందని ఇంకొకరు. సంఘం లేనిదే భాష ఎలా వస్తుంది, భాష లేనిదే సంఘం ఎలా ఏర్పడుతుంది అని తల పట్టుకుని అక్కడే కూర్చుండిపోయినవాళ్ళు మరికొందరు. ఎంత చదివానో! అయితే ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. మనిషి ఎందుకు మాట్లాడాడని అందరూ అడిగారు గానీ, కొందరు ఎందుకు మాట్లాడరని ఒక్కరూ అడగలేదు. అంతటి మేధావుల్లో ఒక్కరికైనా సిగ్గరి చెల్లెలు ఉన్నట్టు లేదు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన ఊహ ఒకటుంది. మాటలు రాని ఇద్దరు పసివాళ్ళను ఎడారిలో వదిలేస్తే ఏమవుతుంది? ఒకరి కేక ఒకరు వింటారు, ఒకరి సైగ ఒకరు పోల్చుకుంటారు, అలా అలా ఒక కొత్త భాష పుడుతుంది. అందుకే మా విమానం దిగుతున్నప్పుడు కిటికీలోంచి కింద ఇసుక తప్ప ఇంకేమీ కనిపించకపోతే, చుట్టుపక్కల వాళ్ళంతా ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే, నేను మాత్రం ప్రయోగశాలకు వచ్చి చేరినంత సంబరపడ్డాను. (అసలు బురైదా చూశాక ఆ సంబరం కొంచెం తగ్గింది. ఊరి చుట్టూ ఎటు చూసినా ఖర్జూర తోటలే. ఎడారి కావాలంటే కారు కట్టించుకుని వెళ్ళాలి.)

ఆ ఉద్యోగం నాకు చూపించింది మా పెద్దమ్మ కూతురు, అక్క. అదే ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పనిచేసేది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఎముకల వార్డులో నా మీద పెద్దసిస్టరు గుడివాడ ఆవిడ. సౌదీ వచ్చి ఎన్నో ఏళ్ళయింది, అరబీలో కోప్పడగలదు, అరబీలో జోకులు కూడా వేయగలదు. నేను చేరిన కొత్తలో తెలుగమ్మాయి వచ్చిందని తెగ సంతోషించింది. ప్రొబేషను మూడు నెలలు. రెండో నెల చివరికి ఆ సంతోషంలో మిగిలింది నన్ను చూసి పెట్టే నిట్టూర్పే.

మూడో నెల చివర్లో ఒకరోజు డ్యూటీ గదికి పిలిచింది.

“ఏవమ్మా, నీ నోరేవన్నా కస్టమ్స్ వాళ్ళు ఆపేశారా?”

నేను నేల చూశాను.

“పని బానే చేస్తావు. నీ చెయ్యి మంచిది, నువ్వు సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరు. కానీ మంచం దగ్గరికి దెయ్యంలా వచ్చి దెయ్యంలా పోతావంటున్నారు. ఒకావిడైతే నిన్ను చూసి నిజంగానే జడుసుకుంది. ఒక్క ‘ఎలా ఉన్నారు’ అంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

నేను నేలను మరింత శ్రద్ధగా చూశాను.

“చూశావా, ఇప్పుడు కూడా!” అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. “వచ్చే వారం నీ ప్రొబేషను రిపోర్టు రాయాలి నేను. రోగులతో మాట్లాడుతుందా లేదా అని అందులో అడుగుతారు. అబద్ధం రాయను, దేవుడికి జవాబు చెప్పుకోవాలి. చివరి గదిలో ఖాలా ఉందిగా, ఆవిణ్ణి మంచం మీంచి లేపి నడిపించు, కళ్ళు మూసుకుని మంచిగా రాస్తాను. లేదంటే ఎగ్జిట్టే తల్లీ. ఇంటికెళ్ళిపోవడమే. నా చేతుల్లో ఉండదు.”

ఇంటికెళ్ళిపోవడమే! అంటే అమ్మ మళ్ళీ నా నొప్పులు చెబుతుంది. అన్నయ్య మళ్ళీ నా టికెట్టు అడుగుతాడు. ‘నేను ముందే అన్నాను కదా’ అని మేనమామ ఊరంతా చెబుతాడు. ఇక నా జీవితమంతా నా తరఫున ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. బురైదాలో నేను ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు, కానీ కనీసం నా బదులు మాట్లాడేవాళ్ళు కూడా లేరు. ఆ మౌనం నా సొంతం. దాన్ని వదులుకుని వెళ్ళడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

ఖాలా అంటే పిన్ని అని అర్థం. పెద్దావిడ కాబట్టి వార్డంతా అలాగే పిలిచేవాళ్ళం. ఖర్జూర తోటలో కాలు జారి తుంటి విరిగింది, ఆపరేషను బాగా జరిగింది, ఇక లేచి నడవాలని డాక్టరు చెప్పాడు. నడవనని ఆవిడ చెప్పింది. పెద్దసిస్టరు బతిమాలింది. వ్యాయామం నేర్పే అమ్మాయి బతిమాలింది. కొడుకు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునేది. పట్టుకుని నడవడానికి నాలుగుకాళ్ళ వాకరు ఇస్తే దాని మీద దుప్పటి ఆరేసింది. మమ్మల్ని పిలవడానికిచ్చిన గంట మాటిమాటికీ మోగి విసిగిస్తోందని మంచం అవతలికి గిరాటు వేసింది. (మోగించేది ఆవిడే అన్న సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.)

ఆ సాయంత్రం హాస్టలు వంటగదిలో అక్క నాకు అరబీ పాఠం పెట్టింది.

“‘గూమీ’ అంటే లే. ‘ఇమ్షీ’ అంటే నడు. రెండంటే రెండు ముక్కలు. చెప్పు.”

“గూమీ.”

“పప్పుగిన్నెకి చెప్తున్నావా, నాకు చెప్తున్నావా? గట్టిగా!”

“గూమీ.”

“ఓరి దేవుడా! ఆవిడ లేవదు సరికదా, నీ జోలపాటకి నిద్రపోద్ది. ఇంకోటి విను. పెద్దవాళ్ళు చేత్తో ఏవిచ్చినా వద్దనకు, చిన్నబుచ్చుకుంటారు. తీసుకో, తిను, నవ్వు. నవ్వడం వచ్చు కదా?”

రాత్రి అక్క డ్యూటీకి వెళ్ళాక పుస్తకం తీశాను, ఎడారి పసివాళ్ళ పేజీ దగ్గర నాకు జ్ఞానోదయమైంది. అరబీ ఎందుకు? అసలు మాటే ఎందుకు? మానవజాతి యావత్తూ సైగలతో మొదలుపెట్టి నెగ్గుకు రాలేదా? నేనూ అక్కడినుంచే మొదలుపెడతాను! నోరు తెరవాల్సిన పని తప్పుతుందన్న విషయం నా మనసులో లేదని చెప్పలేను గానీ, శాస్త్రం పేరు చెప్పుకుంటే ఎంత పిరికితనమైనా ఎంత గంభీరంగా కనిపిస్తుందో ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు ఖాలా గదిలోకి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడి, ‘పైకి లేవండి’ అన్న భావం వచ్చేలా రెండు అరచేతులూ పైకి తిప్పి మెల్లగా లేపాను. సహజమైన సైగ. ఏ దేశపు మనిషికైనా తెలియాలి. ఖాలా నన్ను కాసేపు తేరిపార చూసింది. తర్వాత ముఖంలోకి భక్తి వచ్చింది. ఆవిడ కూడా రెండు అరచేతులూ పైకి తిప్పి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ చాలాసేపు ప్రార్థన చేసింది. నేను చేతులు దించితే మర్యాదగా ఉండదేమోనని అలాగే నిలబడ్డాను. చివర్లో ఆవిడ ‘ఆమీన్’ అంది. పాస్టరు కూతుర్ని, నా నోరు ఊరుకుంటుందా? ‘ఆమెన్’ అనేశాను. ఆవిడ ఎంతో తృప్తిగా తల ఊపి గోడ వైపు తిరిగి పడుకుంది.

పరవాలేదు, మొదటి మానవులకు మాత్రం మొదటి రోజే కుదిరిందా? మధ్యాహ్నం మందులు ఇవ్వడానికి వెళ్ళి, చూపుడువేలూ మధ్యవేలూ రెండు కాళ్ళుగా చేసి ఆవిడ దుప్పటి మీద టకటకా నడిపించాను. నడక! ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఖాలా కళ్ళు పెద్దవయ్యాయి. మంచం కింది చెప్పు అందుకుని నా నడక మీద ఒక్కటి వేసింది. అమ్మా! తర్వాత దుప్పటి దులిపి, సాలెపురుగు చచ్చిందో లేదోనని వెతికింది. నా వేళ్ళే అని చూపించాక నా చేయి పట్టుకుని ఊదింది, ఏదో గొణుక్కుంటూ తెగ బాధపడింది. (బాధ గుండెలో కదిలింది, గొంతు లేచింది. ఆ వాపు వేళ్ళతోనే డైరీలో ఇలా రాసుకున్నాను: గుండె పక్షం మేధావులకు ఒక మార్కు.)

ఆ మర్నాటికి నాకు ఇంకో ఉపాయం తట్టింది. సైగలు కాదు, ఏకంగా నాటకమే ఆడాలి. మధ్యాహ్నం ఖాలా కోడలు వచ్చి, ఫ్లాస్కు నిండా కాఫీ, పళ్ళెం నిండా ఖర్జూరాలు పెట్టి వెళ్ళిపోయాక, గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు వాకరు మీది దుప్పటి తీసేశాను. ముందు ఎదురుగా ఉన్న సోఫాలో రోగిలా పడుకుని మూలిగాను. తర్వాత తుంటి పట్టుకుని లేచాను. వాకరు పట్టుకుని కుంటుతూ, మూలుగుతూ, క్రమంగా ముఖంలోకి వెలుగు తెచ్చుకుంటూ, గది ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి, చివర్లో హాయిగా నవ్వాను. నా జన్మలో అంతకుముందు ఎవరి ఎదుటా అలా చేసి ఎరగను. చెవులు కాలిపోతున్నాయి. ఖాలా అరచెయ్యి బుగ్గన పెట్టుకుని ఆ మొత్తం నాటకం చూసింది.

“మిస్కీనా!” అంది. పాపం పిచ్చిది అని. కుంటిపిల్లను పనిలో పెట్టుకున్నారని కాబోలు, తలుపు వైపు కోపంగా చూసింది. మంచం మీద తన పక్కనే చోటు చూపించి, నన్ను కూర్చోబెట్టి, నోట్లో ఒక ఖర్జూరం కుక్కి, చెవి లేని చిన్న కప్పులో కాఫీ పోసి ఇచ్చింది.

పెద్దవాళ్ళు చేత్తో ఇచ్చింది వద్దనకూడదు. తాగాను. మన కాఫీ కాదది. పాలుండవు, పంచదార ఉండదు, పచ్చగా ఏలకుల వాసనతో గొంతులోంచి సూటిగా తలకెక్కుతుంది. ఖాళీ కప్పు చేతికిచ్చాను. ఆవిడ మళ్ళీ పోసింది. మళ్ళీ తాగి ఇచ్చాను. మళ్ళీ పోసింది. అడ్డంగా తల ఊపాను. మన తల ఊపడం సంగతి తెలిసిందే కదా, వద్దన్నట్టూ ఉంటుంది, ఆహా అన్నట్టూ ఉంటుంది. ఆవిడ ఆహా అనే అనుకుంది. ప్రయోగం పాడైనా సరేనని నోరు తెరిచి “చాలు” అన్నాను. పోసింది. “చాలు చాలు” అన్నాను. ఈసారి నిండుగా పోసింది. నేను ‘చాలు’ అన్నప్పుడల్లా కాఫీ వస్తోంది. కాఫీ వచ్చినప్పుడల్లా నేను ‘చాలు’ అంటున్నాను. చివరికి ఆవిడే ఫ్లాస్కు ఎత్తి చూపిస్తూ, పసిపిల్లకు మాటలు నేర్పినట్టు ముద్దుగా, “చాలు?” అని అడిగింది.

అప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది! ఎడారిలో (సరే, ఎడారి పక్కనే ఉన్న ఏసీ గదిలో) ఇద్దరు మనుషులు, ఒకరి భాష ఒకరికి రాదు, ఎదురుగా ఒక వస్తువు, ఇద్దరూ ఒప్పుకున్న ఒక చప్పుడు. పుట్టింది! మాట పుట్టింది! ఆ మేధావులంతా కాగితాల మీద ఊహించుకున్నదాన్ని కళ్ళారా చూసిన మొదటి మనిషిని నేనే అనిపించింది. ఆ ఆనందంలో ఇంకో కప్పు తాగేశాను. భయంతో ఆ పూట అన్నం కూడా తినలేదు. ఖాళీ కడుపులో ఫ్లాస్కెడు కాఫీ. గుండె తబలా వాయిస్తోంది. గదిలో వస్తువులన్నీ అంచులు తేలి తళతళలాడుతున్నాయి. చేతి వేళ్ళు వాటంతటవే ఏదో పాట వాయించుకుంటున్నాయి. అంతలో గదిలో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. తెలుగులో. ఎవరా అని చూస్తే నేనే!

మొదలుపెట్టాక ఆగితేనా? ఇరవై మూడేళ్ళుగా దాచుకున్నదంతా గట్టు తెగింది. మా ఊరి కాలవ గురించి చెప్పాను. నాన్న గొంతు గురించి, మేనమామ ఇంటర్వ్యూ గురించి చెప్పాను. ఖాలా ముందు నోరు తెరిచింది, తర్వాత దిండు సర్దుకుంది, తర్వాత వెనక్కి జారగిలబడి, నిజమా అన్నట్టు “వల్లా?” అంటూ ఊకొట్టడం మొదలుపెట్టింది. ఇక పిన్ని టర్కీ కోడి కథలోకి దిగాను. “మా పిన్ని క్రిస్‌మస్‌కని ఒక టర్కీ పుంజును పెంచింది ఖాలా, దానికి ఎంత పొగరంటే అందరూ ‘దొరగారు’ అని పిలిచేవారు. క్రిస్‌మస్ ముందు ఆదివారం చర్చిలో నేనొక్కదాన్నే పాట పాడాలి. నిలబడ్డాను. ఊరంతా నన్నే చూస్తోంది. నా గొంతు రాలేదు ఖాలా, నాన్న హార్మోనియం మీద పాట ఒకసారి ఎత్తుకున్నాడు, రెండోసారి ఎత్తుకున్నాడు, నాకు గొంతు రాలేదు! సరిగ్గా అప్పుడు దొరగారు తాడు తెంపుకుని, చాపల మీద కూర్చున్న జనం మధ్యనుంచి, ఇదిగో ఇలా నడుచుకుంటూ…”

ఇలా అంటే ఎలాగో చూపించాలి కదా. లేచి నిలబడ్డాను. మోచేతులు రెక్కలు చేశాను. మెడ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ గదంతా తిరిగాను. ఖాలా తొడ మీద చరుచుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది. “అలా వచ్చి సూటిగా నా పక్కనే నిలబడి, రెక్కలు విప్పి, ఊరంతా వినేలా… గ్లొగ్లొగ్లొగ్లొ!” అని నా బలమంతా పెట్టి కూశాను.

ఆ కూతకు ఉన్న ఊపిరంతా అయిపోయింది. గది గిర్రున తిరిగింది. సోఫా అందుకోబోతే అది రెండడుగులు పక్కకు జరిగినట్టనిపించింది. నేల మీద చతికిలబడ్డాను. స్పృహ ఉంది, నవ్వు కూడా వస్తోంది, కానీ లేవడానికి కాళ్ళు మాట వినడం లేదు.

ఖాలా నవ్వు టక్కున ఆగింది. “సిస్టర్!” అని పిలిచింది. ఎవరూ రాలేదు. గంట కోసం చేయి చాపింది. గంట ఎక్కడుంది, ఆవిడ విసిరిన చోటే, గోడ మూల! నేను చేత్తో ‘ఏం లేదు, ఏం లేదు’ అని సైగ చేశాను. నా సైగలు ఆవిడకు ఏనాడు అర్థమయ్యాయి గనక? ఒక్క క్షణం నన్ను చూసింది, తలుపును చూసింది. తర్వాత దుప్పటి పక్కకు తోసి, రెండు కాళ్ళూ కిందికి దించి, వాకరు అందుకుని, లేచి నిలబడింది. నా నాటకంలో నేను మూలిగిన దాంట్లో పదోవంతు కూడా మూలగలేదు. టక్, టక్, టక్ మని నన్ను దాటుకుని, తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళి, “యా నాస్!” అని కేకేసింది. ఓ జనులారా అని! ఆ కేక ముందు మా నాన్న గొంతు కూడా దిగదుడుపే.

పెద్దసిస్టరు పరుగున వచ్చింది. వరండా నడిమధ్య నిటారుగా నిలబడ్డ ఖాలాను చూసి మందుల గది గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయింది. ఆవిడ నడుం చుట్టూ చేయి వేసి మెల్లగా లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాక, అప్పుడు నన్ను చూసింది.

“ఏవిటే ఇది! పేషెంటు లేచి నిలబడితే నువ్వు కూలబడ్డావేంటి?”

ఖాలా ఆగకుండా అరబీలో దంచడం మొదలుపెట్టింది. మధ్యమధ్య నన్ను చూపిస్తోంది, ఫ్లాస్కును చూపిస్తోంది, “చాలు! చాలు!” అంటోంది. పెద్దసిస్టరు నా నాడి చూస్తూ వింటోంది.

“పిల్లకి తిండి పెట్టడం లేదా మీరు, ఒంటెలాగా తాగుతోంది అంటోంది. కాలు కూడా బాగాలేని పిల్లని రోగుల దగ్గర నిలబెడతారా అంటోంది. కాలికేవైందే నీకు? సరే, అది తర్వాత. అసలు ఖాలాకి తెలుగెప్పుడొచ్చింది?”

“ఆవిడ ఉద్దేశంలో అది కాఫీ అండీ.”

“చాలు అంటే కాఫీయా?”

“అవునండీ. ఇద్దరం కలిసి ఒప్పుకున్నాం.”

ఆవిడ నా నుదుటి మీద చేయి వేసి చూసింది.

“ఎన్ని తాగావు?”

“ఆవిడ పోసినన్నీ.”

“పిచ్చిమొహవా! కప్పు ఊపలేదా? ఇంక వద్దనుకుంటే కప్పుని ఇలా అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. నువ్వు ఊపేదాకా వాళ్ళు పోస్తూనే ఉంటారు, అది మర్యాద. ఎవరూ చెప్పలేదా నీకు?”

“ఎవరు చెబుతారండీ, మా ఊళ్ళో కప్పు బోర్లిస్తాం.”

చూశారా! నా పుస్తకంలో దాని గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంది. కొన్ని సైగలు ప్రకృతి ఇచ్చినవి, కొన్ని మనుషులు కూర్చుని ఒప్పందం చేసుకున్నవి, రెండో రకం తెలియాలంటే ఆ మనుషుల మధ్య బతకడం తప్ప వేరే దారి లేదు అని. ఆ అధ్యాయం కాస్త విసుగ్గా ఉందని దాటేశాను. కప్పు ఒక్కసారి ఊపడం తెలిసుంటే ఈ అనర్థమంతా ఉండేది కాదు. కానీ అప్పుడు ఖాలా కూడా లేచేది కాదు కదా!

పెద్దసిస్టరు నాకు బిస్కెట్లు తినిపించి, నీళ్ళు తాగించి, చివరికి అడగాల్సింది అడిగింది.

“నిజం చెప్పు. ఆవిణ్ణి ఎలా లేపావు?”

“కథ చెప్పానండీ.”

“అరబీలోనా?”

“తెలుగులో.”

“తెలుగులో,” అని ఆవిడ బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టింది. “నువ్వు. నోరు తెరిచి. గట్టిగా.”

“చాలా గట్టిగానండీ.”

“అది నువ్వేనా? మందుల గదిలోకి వినపడింది, టీవీ అనుకున్నాను నేను!”

ఆ వారం రిపోర్టులో ఆవిడ ఏం రాసిందో నాకు చూపించలేదు. సంతకం మాత్రం పెట్టింది. అయితే నాకు రెండు షరతులు పెట్టింది. రోజూ ఖాలాను నేనే పక్కనుండి పట్టుకుని నడిపించాలి. వార్డులో టర్కీ కోడిలా కూయకూడదు, పక్క గదిలో గుండె జబ్బావిడ ఉంది. రెండూ ఒప్పుకున్నాను. ఖాలా కూడా ఒక షరతు పెట్టింది, కాకపోతే మాటల్లో కాదు. నేను మాట్లాడుతుంటే నడిచేది. నేను ఆగితే ఆగిపోయేది. వరండా ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలంటే అంత పొడుగు కబురు కావాలి. కాఫీ సాయం లేకుండా మాట్లాడడం మొదట్లో ఎంత కష్టమైందో! అన్నయ్య పెళ్ళి చెప్పాను, కాలేజీ హాస్టలు సాంబారు చెప్పాను, చెప్పడానికి ఏమీ లేని రోజున ఎక్కాలు కూడా అప్పజెప్పాను. దేనికైనా ఆవిడ ఒకటే శ్రద్ధతో తల ఊపేది. దొరగారి కథ మాత్రం మళ్ళీ ఎత్తలేదు. కూత లేకుండా చెబితే అదేం కథ?

ఇప్పుడు నేను రియాద్‌లో ఉంటున్నాను. అరబీ బాగానే వచ్చింది. శుక్రవారాల్లో బతా బజారుకు వెళితే చేపల కొట్టు బెంగాలీ అతనితో హిందీలో బేరమాడుతూ, నా నోటికి నేనే ఆశ్చర్యపోతుంటాను. ‘నిన్ను మాట్లాడించిన ఆ మహాతల్లి ఎవరో గానీ, ఆవిడకో దండం, ఇంక ఆపవే’ అంటుంది అక్క ఫోనులో. కొత్తవాళ్ళ ముందు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, కానీ తర్వాత చల్లబడతాయి. అప్పుడప్పుడు ఆ సోఫాలో పడుకుని శాస్త్రం కోసమని మూలిగిన పిల్ల గుర్తొస్తుంది. ఎంత కంగారు పిల్ల, ఎంత గొప్ప నమ్మకం! ఇప్పుడు ఎవరి ఎదుటైనా అలా రెక్కలు ఆడించమంటే ఆడించగలనా? అనుమానమే. మాటలన్నీ వచ్చేశాక ఆ ధైర్యం ఎటో వెళ్ళిపోయింది.

ఖాలా ఇంటికి వెళ్ళిన రోజు మాత్రం నిన్నటిలా ఉంది. కొడుకు చక్రాల కుర్చీ తెస్తే దాన్ని పక్కకు తోసేసి, నా చేయి పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. పెద్దసిస్టరు పక్కనే ఉంది. వీడ్కోలుకు నేను మంచి అరబీ మాటలు నాలుగు బట్టీ పట్టుకుని వచ్చాను. తీరా ఆ సమయానికి ఒక్కటీ నోటికి రాలేదు. మళ్ళీ నేలనే చూస్తూ నిలబడ్డాను. కారు తలుపు తెరిచారు. ఖాలా ఎక్కబోయి ఆగింది, వెనక్కి తిరిగింది. ఒక చేత్తో వాకరు పట్టుకుని, రెండో మోచేయి రెక్కలా పైకెత్తి, మెడ ఒక్కసారి ముందుకీ వెనక్కీ ఆడించి, నా ముఖంలోకి చూస్తూ ఏదో అడిగింది. అంత చిన్న మాట, నాకు కూడా అర్థమైంది. అయినా పెద్దసిస్టరు నవ్వాపుకుంటూ నా చెవిలో దాన్ని తెలుగు చేసింది:

“ఆ తరవాత ఏమైంది?”